మమారి పలక మీద నెలవంకలు సరే, గ్రహాలు కూడా ఉన్నాయా?

నింగిచూపు:

అందరికీ నమస్కారం. ఈస్టర్ దీవి కొయ్య పలకల మీద ఉన్న రొంగొరొంగో లిపి గురించి వీడియోలు, పోస్టులు తెగ తిరుగుతున్నాయి. ఆ పలకలన్నీ ఖగోళ గ్రంథాలేనని, సూర్యుడు, చంద్రుడు, ఐదు గ్రహాలు వాటిలో వరుసగా కనిపిస్తాయని కొందరు గట్టిగా చెబుతున్నారు. నేను మమారి అనే పలక గీతబొమ్మ ముందు పెట్టుకుని చూస్తున్నాను. ఒక వైపు 6వ వరుస నుంచి 9వ వరుస దాకా నెలవంకలు బారులు తీరి ఉన్నాయి. అది చాంద్రమాన పట్టిక అని పండితులు చాలావరకు ఒప్పుకున్నదే.

నన్ను పట్టుకున్నది ఇంకొకటి. ఆ వంకల్లో ఏడింటికి మాత్రమే పక్కన వేరే గుర్తులు ఉన్నాయి. సరిగ్గా ఏడు. వారానికి రోజులు ఏడు, ఆ రోజులకు అధిపతులైన గ్రహాలు ఏడు. మరి ఈ ఏడు తోడు గుర్తులు రవి నుంచి శని దాకా ఎందుకు కాకూడదు? తెలిసినవాళ్లు చెప్పండి.

కోనసీమకొబ్బరి:

మంచి చర్చ మొదలుపెట్టారు. ముందుగా నాలాంటి వాళ్ల కోసం ఒక మాట. ఈ లిపిలో మొత్తం ఎంత రాత దొరికింది? ఆ పలకలు ఇప్పుడు ఎక్కడున్నాయి?

శాసనప్రియ:

ఉన్నవి రెండు డజన్ల పైచిలుకు వస్తువులే. అన్నీ కలిపి గుర్తులు 15,000 లోపే అనుకోండి. రోమ్, సాంటియాగో, సెయింట్ పీటర్స్‌బర్గ్, లండన్, ఇలా తలో చోట ఉన్నాయి. రపానుయి మీద, అంటే అవి పుట్టిన దీవి మీద, ఒక్కటీ మిగల్లేదు. కెయితి అనే పలక 1914లో బెల్జియంలోని లూవాన్ గ్రంథాలయం తగలబడినప్పుడు బూడిదైపోయింది. దాని ఫొటోలు, అచ్చులు ముందే తీసి ఉండబట్టి రాత మనకు మిగిలింది.

ఎందుకు చదవలేకపోతున్నాం అనేది కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే నింగిచూపు గారి ప్రశ్నకు దానితో సంబంధం ఉంది. 1862 చివర్లో పెరూ నుంచి బానిసల వేటగాళ్లు ఓడల్లో వచ్చిపడ్డారు. కొద్ది నెలల్లో సుమారు 1,500 మందిని ఎత్తుకుపోయారు. రాజవంశీకులు, పలకలు చదవడం నేర్చిన పెద్దలు ఆ దెబ్బకు పోయారు. ప్రాణాలతో తిరిగొచ్చిన కొద్దిమందితో పాటు మశూచి వచ్చింది. 1877కల్లా దీవి మీద మిగిలింది 111 మంది. యూజెన్ ఐరో అనే ఫ్రెంచి మిషనరీ 1864లో అక్కడ అడుగుపెట్టినప్పుడు ప్రతి ఇంట్లోనూ గుర్తులు చెక్కిన పలకలో, కర్రలో ఉన్నాయని రాశాడు. నాలుగేళ్ల తర్వాత తాహితి బిషప్ జొసాన్ వాటి కోసం వెతికిస్తే దొరికినవి కొన్నే. చదవగలిగిన మనిషి మాత్రం దొరకలేదు. ఒక జాతి చదువు మొత్తం ఇలా చెరిగిపోయిన ఉదంతం ఇది. ఆ పలకల మీద మనకు తోచిన కథ అల్లేముందు ఆ మనుషులను తలుచుకోవాలని నా కోరిక.

ఇక ఏడు గ్రహాల సంగతి. దీనికి కాస్త పెద్ద జవాబు రాయాలి. రాత్రికి రాస్తాను.

పాతలిపి_పిచ్చి:

శాసనప్రియ గారు రాసేలోపు చదివే పద్ధతి చెబుతాను. పలక ఎడమవైపు కింది మూల నుంచి మొదలుపెట్టి కుడికి చదవాలి. వరుస అయిపోగానే పలకను చేతిలో తలకిందులుగా తిప్పి పై వరుస అందుకోవాలి. అందువల్ల మామూలుగా పట్టుకుని చూస్తే ఒక వరుసలో బొమ్మలు నిలబడి ఉంటాయి, దాని పక్క వరుసలో తలకిందులై ఉంటాయి. పలకలను ఏ, బి, సి అని అక్షరాలతో పిలవడం, గుర్తులకు అంకెలు వేయడం జర్మన్ పండితుడు థామస్ బార్తెల్ 1958 పుస్తకంతో స్థిరపడింది. మమారి ఆయన లెక్కలో 'సి' పలక. పొడవు 29 సెంటీమీటర్లు, వెడల్పు 19.5, మందం 2.5. రెండు వైపులా 14 వరుసల చొప్పున రాత, మొత్తం వెయ్యి గుర్తుల దాకా ఉంటాయి. చంద్రుడి పట్టికను గుర్తుపట్టింది కూడా బార్తెలే.

కోనసీమకొబ్బరి:

మందం రెండున్నర సెంటీమీటర్లంటే పీట చెక్క లాంటిదే. ఏం కర్ర అది?

పాతలిపి_పిచ్చి:

మన గంగరావి. రపానుయిలో దాన్ని మకోయి అంటారు. మన తీరంలో ఉప్పునేలల పక్కన పసుపు పూలతో కనబడే ఆ చెట్టే పసిఫిక్ దీవులన్నిటా ఉంది. చాలా పలకలు ఆ కర్రతోనే చేసినవని కేథరీన్ ఓర్లియాక్ సూక్ష్మదర్శినితో పరిశీలించి తేల్చారు. చేవ ఎర్రగా, నునుపుగా ఉంటుంది, పగుళ్లివ్వదు. సన్నని గీత చెక్కడానికి అంతకంటే మంచి కర్ర ఆ దీవిలో దొరకడం కష్టం. సొరచేప పన్నుతోనూ, అగ్నిపర్వతపు గాజురాతి పెచ్చుతోనూ చెక్కేవారని దీవి వాళ్లు చెప్పుకున్నారు. అయితే 'తహువా' అనే పొడుగాటి పలక మాత్రం పరాయి ఓడ తెడ్డు. కర్ర దొరికితే చాలు అనుకునే పరిస్థితి అన్నమాట.

శాసనప్రియ:

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం. నింగిచూపు గారూ, మీరు ఏడు వంకల్ని సరిగ్గానే లెక్కపెట్టారు. ఆ ఏడింటి దగ్గరే ఆగకుండా, వాటి చుట్టూ ఉన్నది కూడా చూడాలి.

రపానుయి వాళ్ల రాత్రుల పేర్లు మనకు పలకల నుంచి రాలేదు. మనుషుల నోటి నుంచి వచ్చాయి. 1886లో మొహికన్ అనే అమెరికన్ యుద్ధనౌకతో వచ్చిన విలియం థామ్సన్ ఒక జాబితా రాసుకున్నాడు. 1934లో దీవికి వెళ్లిన ఆల్ఫ్రెడ్ మెత్రో ఇంకొకటి ఇచ్చాడు. ఫాదర్ ఎంగ్లెర్ట్ మరొకటి. వాటిని కలిపి చూస్తే నెలకు 28 మామూలు రాత్రులు, అవసరమైతే చేర్చుకునే అదనపు రాత్రులు రెండు. ఆ రెండింటి పేర్లు హోతు, హిరో.

ఇందులో అసలు విశేషం పేర్ల వరుస. అమావాస్య దాటాక కొన్ని పేర్లు వస్తాయి. ఆ తర్వాత ఆరు రాత్రులకు సొంత పేర్లు లేవు. కొకొరె ఒకటి, కొకొరె రెండు అంటూ కొకొరె ఆరు దాకా అంకెలే. మళ్లీ మహారు, హువా, అతువా, మౌరె, ఇనా ఇరా, రాకౌ అని పేర్లున్న రాత్రులు. తర్వాత ఓమొతోహి, అంటే పున్నమి. పున్నమి దాటగానే మళ్లీ కొకొరె, ఈసారి ఐదు. ఆపైన తపుమె, మతువా, రోంగో, రోంగో తానె, మౌరి నుయి, మౌరి కెరో, ముతు అని మళ్లీ పేర్లతో నెల ముగుస్తుంది.

ఇప్పుడు పలక చూడండి. 7వ వరుస మొదట్లో తోడు గుర్తు ఏదీ లేకుండా బోడిగా ఆరు వంకలు. 7వ వరుస చివర నుంచి 8వ వరుస మొదటికి సాగుతూ బోడిగా ఐదు వంకలు. ఈ రెండు గుంపుల మధ్య ఒక బొమ్మ ఉంది. ఆకాశంలో పొయ్యి రాజేస్తున్న ముసలమ్మ అని దీవి వాళ్లు చంద్రబింబంలో చూసుకునే రూపం అది. అంటే పున్నమి. పున్నమికి ముందు ఆరు, పున్నమి తర్వాత ఐదు. జాబితాలో ఎలా ఉందో పలకలోనూ అలాగే ఉంది. ఫ్రెంచి భాషావేత్త జాక్ గీ 1990లో ఈ పొందికను వివరంగా రాశారు. నాకు ఈ లిపిలో అన్నిటికంటే నచ్చిన చోటు ఇదే. ఒక్క అక్షరం పలకలేం, అయినా చెక్కిన మనిషి ఏ రాత్రి మీద వేలు పెట్టాడో చూపించగలం.

తోడు గుర్తులున్న ఏడు వంకలూ ఈ కొకొరె గుంపులకు బయటే ఉన్నాయి. సొంత పేర్లున్న రాత్రుల చోట్లలో ఉన్నాయి. కాబట్టి ఆ గుర్తులకు రాత్రుల పేర్లతో పని ఉందని అనుకోవడానికి కారణం ఉంది. గీ కొన్నిటికి ఆ పేర్ల ఉచ్చారణతో జత కుదర్చడానికి ప్రయత్నించారు కూడా.

నింగిచూపు:

చాలా వివరంగా చెప్పారు, కృతజ్ఞతలు. కానీ ఒక సందేహం. మీరిచ్చిన జాబితా ప్రకారమే 28లోంచి 11 కొకొరెలు తీసేస్తే సొంత పేర్లున్న రాత్రులు 17. పున్నమికి దాని బొమ్మ ఉంది. మిగిలిన పదహారింటిలో ఏడింటికే తోడు గుర్తులుంటే, తక్కిన తొమ్మిదింటి పేర్లు ఏమైనట్టు? పేర్ల కోసమే ఆ గుర్తులైతే అన్నిటికీ ఉండాలి కదా. గ్రహాలైతే ఏడే ఉండటానికి కారణం దొరుకుతుంది.

శాసనప్రియ:

గట్టి ప్రశ్న. తొమ్మిదింటికి ఎందుకు లేవో గీ వాదంలో పూర్తి సమాధానం లేదు. చెక్కినవాడికి అన్ని పేర్లూ కంఠతా వచ్చు, కొన్నిటికి మాత్రమే గుర్తు చాలనుకున్నాడేమో అన్నది ఊహ. అందుకే పండితులు ఈ భాగాన్ని 'చదివాం' అనడం లేదు. 'ఏ పని కోసమో తెలిసింది' అని మాత్రమే అంటున్నారు.

గ్రహాల వైపు చూస్తే ఇంకా చిక్కు. ఏడు రోజుల వారం పాలినీషియాలో లేదు. అక్కడి కాలమానం రాత్రులు, నెలలు, నక్షత్రోదయాల మీద నడిచింది. వారం అక్కడికి చేరింది క్రైస్తవ మిషనరీలతో. రపానుయిలో అందరూ కొత్త మతం తీసుకునేసరికి 1868 వచ్చింది. సూర్యచంద్రులను ఐదు గ్రహాలతో కలిపి ఏడుగురుగా కూర్చోబెట్టడం బాబిలోను, గ్రీకుల దారిలో మన దగ్గరికి కూడా వచ్చిన లెక్క. మనకు అది పుట్టుకతో తెలిసినట్టు ఉంటుంది కాబట్టి ఏడు కనబడగానే మనసు అటు పోతుంది. ఆ దీవిలో ఏడుకి అలాంటి బరువు ఉందని చూపే ఆధారం కావాలి.

లెక్కల_పంతులు:

నాకు లిపులు తెలియవు, సంఖ్యలు తెలుసు. అందుకని శాసనప్రియ గారి పోస్టులోని అంకెలతో ఒక చిన్న లెక్క వేశాను.

పున్నమి బొమ్మను వదిలేస్తే పట్టికలో 29 వంకలు. అందులో ఏడింటికి తోడు గుర్తులు. ఆ ఏడూ ఎటుపడితే అటు చల్లినట్టు పడ్డాయనుకోండి. కొకొరె స్థానాలు 11. ఆ పదకొండూ ఖాళీగా మిగిలే అవకాశం ఎంత? 18లోంచి 7 ఎంచుకునే విధాలు 31,824. 29లోంచి 7 ఎంచుకునే విధాలు 15,60,780. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే సుమారు 0.02. అంటే వందకు రెండు. ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ఆ 11 స్థానాలను పలక చూసి ఎంచుకోలేదు. పలక అర్థం ఎవరికీ తెలియని రోజుల్లో, 1886 నుంచీ, మనుషులను అడిగి రాసిన జాబితాలో అవి ముందే ఉన్నాయి.

ఇప్పుడు గ్రహాల లెక్క. ఏడు కనబడితే వారాధిపతులు అన్నాం. ఐదు కనబడి ఉంటే పంచతారాగ్రహాలు అనేవాళ్లం. తొమ్మిదైతే నవగ్రహాలు, పన్నెండైతే రాశులు, ఇరవయ్యేడైతే నక్షత్రాలు. ఏ సంఖ్య వచ్చినా ఏదో ఒకటి కుదురుతుంది. ఏం వచ్చినా సరిపోయేదాన్ని రుజువు అనలేం. పైగా ఏడు గుర్తుల్లో ఏది కుజుడు, ఏది గురుడు అని అడిగితే ఏ క్రమమైనా చెప్పొచ్చు. ఏడింటిని ఏడింటికి జతచేసే విధాలు 5,040. వాటిలో ఒకటి సరైనది, మిగతా 5,039 తప్పు అని తేల్చే సాక్ష్యం పలక బయట ఏదైనా ఉందా? అది చూపించండి, అప్పుడు నేను కూడా మీ పక్షం.

పాతలిపి_పిచ్చి:

పంతులు గారూ, చేప సంగతి కూడా మీ లెక్కలో వేయండి. రాత్రుల గుంపుల మధ్య నాలుగు గుర్తుల సూచన ఒకటి మళ్లీ మళ్లీ వస్తుంది. మొత్తం ఎనిమిది సార్లు. ప్రతిసారీ దాని చివర దారానికి వేలాడే చేప ఉంటుంది. పున్నమికి ముందు వచ్చే నాలుగింటిలోనూ చేప తల పైకి. పున్నమి తర్వాత నాలుగింటిలోనూ తల కిందికి. చంద్రుడు పెరగడం, తరగడం అని గీ అన్నారు. చూడగానే కళ్లకు తెలిసిపోయే విషయం ఇది.

లెక్కల_పంతులు:

ఎనిమిది చేపలు, ఒక్కోదానికి రెండు రకాలు. మొత్తం 256 అమరికలు. ముందు నాలుగు పైకి, తర్వాత నాలుగు కిందికి అనేది అందులో ఒకటి. అటుదిటు తిరగేసినదాన్ని కూడా ఒప్పుకుంటే రెండు. పైగా మార్పు సరిగ్గా ముసలమ్మ బొమ్మ దగ్గరే జరిగింది. దీన్ని ఇందాకటి వందకు రెండుతో గుణించను, ఎందుకంటే రెండూ ఒకదానికొకటి సంబంధం లేనివని చెప్పలేం. విడివిడిగా చూసినా చాలు. చంద్రుడి పట్టిక అన్న మాట నేను నమ్ముతున్నాను.

విమల_ఖగోళం:

ఆలస్యంగా వచ్చాను, పైనున్నదంతా చదివాను. ఇందులో ఖగోళం వైపు నుంచి అన్నిటికంటే ఆసక్తి కలిగించేది అదనపు రాత్రుల విషయం. ఇంకా ఎవరూ దాని మీదికి రాలేదు.

అమావాస్య నుంచి అమావాస్యకు సగటున 29.53 రోజులు. 28 పేర్లతో నెల పూర్తికాదు. ఒక్కో నెల ఒక రాత్రి, ఒక్కో నెల రెండు రాత్రులు చేర్చాలి. ఏ నెల ఎన్ని? మన పంచాంగంలో తిథి వృద్ధి, క్షయం గణితం చేసి ముందే రాసిపెడతారు. అక్కడ ఆకాశం చూసి తేల్చుకోవాలి. గీ ఊహ ఏమిటంటే, చేపతో ముగిసే ఆ నాలుగు గుర్తుల సూచన 'ఇక్కడ చంద్రుడి పరిమాణం చూడు' అనే ఆదేశం. పున్నమికి ఆరు రాత్రుల ముందు, ఆరు రాత్రుల తర్వాత మామూలు వంకలో సగం సైజు వంకలు రెండు పైకి ఎత్తి చెక్కి ఉన్నాయి. చంద్రుడు భూమికి దూరంగా ఉన్నప్పుడు చిన్నగా కనిపిస్తాడు, మెల్లగా నడుస్తాడు. అలాంటప్పుడు నెల సాగుతుంది, అదనపు రాత్రి కావాల్సి వస్తుంది. మొదటి చిన్న వంక ఉన్న చోటు, థామ్సన్, మెత్రో జాబితాల్లో హోతు రాత్రి ఉన్న చోటు ఒకటే. ఇక చేర్చుకోవాల్సిన రాత్రుల కోసం పట్టిక చివర రెండు వంకలు విడిగా సిద్ధంగా ఉన్నాయి.

నా అభిప్రాయం చెబుతాను. హోతు స్థానం కలవడం బలమైన విషయం. పరిమాణం చూసి నిర్ణయించడం మీద మాత్రం నాకు పూర్తి నమ్మకం కుదరలేదు. చంద్రుడు అతి దగ్గరగా ఉన్నప్పుడు సుమారు 3,56,000 కిలోమీటర్లు, అతి దూరంగా ఉన్నప్పుడు 4,06,000. బింబం సైజులో తేడా ఎంత ఎక్కువైనా 14 శాతం. రెండూ పక్కపక్కన పెడితే తెలుస్తుంది, రెండు వారాల తేడాతో చూసి గుర్తుపట్టడం కష్టం. అయినా తరతరాలుగా సముద్రం మీద ఆకాశం చూసి దారి తెలుసుకున్న జాతి వాళ్లు. వాళ్ల కంటికి ఏం అందుతుందో నా కంటిని బట్టి చెప్పకూడదు.

మెత్రో_రైలు_ప్రయాణికుడు:

రాత్రుల జాబితాలు పట్టుకున్న మనుషుల జ్ఞాపకం సరైనదేనని ఎలా నమ్మాలి? 1886 నాటికి దీవిలో మిగిలినవాళ్లే తక్కువ. అప్పటికే తాహితి మాటలు కలిసిపోయి ఉండొచ్చు కదా.

శాసనప్రియ:

మంచి అనుమానమే. దానికి పక్క దీవులు సాక్ష్యం చెబుతాయి. హవాయి నెల హిలోతో మొదలవుతుంది. అందులో హువా, అకువా, హోకు ఉన్నాయి, చివర మౌలి, ముకు. న్యూజిలాండ్ మావోరీల జాబితాలో ఫిరో, హువా, అతువా, హోతు, చివర మౌరి, ముతు. రపానుయిలో హిరో, హువా, అతువా, హోతు, మౌరి, ముతు. మధ్యలో వేల మైళ్ల సముద్రం. ఈ పేర్లు దీవులకు జనం చేరకముందే ఉన్న పాత సొత్తు, లేకపోతే ఇంత దూరంలో ఇలా ఒకే క్రమంలో దొరకవు. హవాయిలో అంకెలతో నడిచే రాత్రులు కూడా ఉన్నాయి.

ఇంకో మాట. జొసాన్ బిషప్ తాహితిలో మెతోరో అనే రపానుయి కూలీ చేత పలకలు చదివించాడు. మెతోరో పలక పట్టుకుని పాడాడు, బిషప్ రాసుకున్నాడు. మమారి పట్టిక దగ్గరికి వచ్చేసరికి మెతోరో కనబడిన బొమ్మ పేరల్లా చెప్పుకుంటూ పోయాడు. అది నెల పట్టిక అని అతనికి తట్టలేదు. పున్నమి బొమ్మ కూడా గుర్తుపట్టలేదు. నక్షత్రం, సూర్యుడు అంటూ గ్రహాల పఠనాల్లో వాడుకునే అర్థాలు చాలావరకు ఈ మెతోరో చెప్పినవాటి నుంచే వచ్చాయి. కిరణాలున్న గుండ్రటి గుర్తును అతను నక్షత్రం అన్నాడు కాబట్టి, అది కనబడిన ప్రతిచోటా ఒక గ్రహాన్ని పెట్టేస్తున్నారు. నెల పట్టికనే తెలుసుకోలేకపోయిన మనిషి మాట మీద గురుడిని, శనిని నిలబెట్టడం నాకు ఏమాత్రం ఇష్టం లేదు.

కోనసీమకొబ్బరి:

సింధు లిపికీ దీనికీ చుట్టరికం ఉందని ఎక్కడో చూశాను. అది నిజమా?

పాతలిపి_పిచ్చి:

లేదు. 1932లో హెవెసీ అనే హంగేరీ పండితుడు మొహెంజొదారో ముద్రల గుర్తులు, రొంగొరొంగో గుర్తులు పక్కపక్కన పెట్టి చూపించాడు. అప్పట్లో పెద్ద సంచలనం. మెత్రో దీన్ని గట్టిగా ఖండించాడు. సింధు లిపి క్రీ.పూ. 1900 ప్రాంతంలో కనుమరుగైంది. రపానుయి మీద జనం చేరింది క్రీ.శ. 1200 ప్రాంతంలో. మధ్యలో మూడు వేల ఏళ్ల ఖాళీ, భూగోళంలో సగం దూరం. రెండు లిపుల్లోనూ నిలబడ్డ మనిషి బొమ్మ ఉంటే అది మనుషులందరూ గీసే బొమ్మే.

నింగిచూపు:

ఫిషర్ గారు చదివేశారని కూడా అంటారు కదా. ఆయన పఠనంలో సూర్యుడు వస్తాడు.

శాసనప్రియ:

స్టీవెన్ రోజర్ ఫిషర్ 1990లలో చేసిన ప్రతిపాదన అది. సాంటియాగో దండం అని 126 సెంటీమీటర్ల కర్ర ఉంది, దాని మీద 2,300 దాకా గుర్తులు. నిలువు గీతలతో భాగాలు చేసి ఉంటుంది. భాగంలో మొదటి గుర్తుకు పురుషాంగం లాంటి తోక ఉంటే 'ఫలానావాడు ఫలానాదానితో కూడి ఫలానాదాన్ని కన్నాడు' అని చదవాలన్నారు. ఆయన ఇచ్చిన ఉదాహరణలో పక్షులన్నీ చేపతో కూడితే సూర్యుడు పుట్టాడు. 1886లో ఉరె వాయె ఇకో అనే పెద్దాయన థామ్సన్‌కు వినిపించిన సృష్టిగీతం ఆ మాదిరిలో ఉంటుంది, ఫిషర్‌కు స్ఫూర్తి అదే. కానీ ఆ గీతంలో ఈ వాక్యం లేదు. చాలా భాగాల్లో ఆ పద్ధతి నిలవదని గీ, రష్యన్ పండితుడు పొజ్‌ద్న్యకోవ్ విమర్శించారు. అక్కడ సూర్యుడున్నాడో లేడో తేల్చడానికి బయట సాక్ష్యం దొరకలేదు. మమారికి దొరికింది. నాకు తేడా అంతా అక్కడే.

విమల_ఖగోళం:

గ్రహాలు వద్దంటే ఆ దీవివాళ్లకు ఆకాశం తెలియదని ఎవరూ అనుకోకూడదు, అందుకే ఇది రాస్తున్నాను. మతారికి, అంటే మన కృత్తికలు, వాళ్ల ఏడాదికి కీలకం. ఒరాయన్ నడుములోని మూడు చుక్కలను తౌతోరు అంటారు. ఎడ్మండో ఎడ్వర్డ్స్, హువాన్ ఆంటోనియో బెల్మోంటె 2004లో దీవి కట్టడాల దిశలను పరిశీలించి ఈ రెండింటికీ ప్రాధాన్యం ఉందని వాదించారు. అహు హురి ఎ ఉరెంగా అనే వేదిక మీది విగ్రహం చలికాలపు సూర్యోదయం వైపు చూస్తుంది. దీవి తూర్పు కొసన ఉన్న పోయికె దిక్కున చుక్కలు చూసే బండ అని పేరున్న రాయి ఉంది. వేగుచుక్కకు, సాయంత్రపు చుక్కకు వేరువేరు పేర్లున్నాయి. అనకెనా మొదలుకొని నెలల పేర్ల వరుస కూడా థామ్సన్ దగ్గర ఉంది. ఇంగ్లండు పరిశోధకురాలు కేథరీన్ రట్‌లెడ్జ్ 1914 ప్రాంతంలో దీవి మీద ఉన్నప్పుడు తోమెనికా అనే ముసలాయన కుష్ఠురోగుల శిబిరంలో చావుకు దగ్గరగా ఉండి కూడా ఆమె కాగితం మీద గుర్తులు గీసి చూపించాడు. కొద్ది రోజులకే పోయాడు. ఆమె దీని గురించి రాసిన పేరా నేను మామూలుగా చదవలేను.

నింగిచూపు:

విమల గారూ, శుక్రుడికి రెండు పేర్లున్నాయన్నారు కదా. పంతులు గారు అడిగిన బయటి సాక్ష్యం శుక్రుడి విషయంలో దొరికే అవకాశం ఉందా? ఏడు గ్రహాల సంగతి పక్కన పెడతాను, ఒక్క శుక్రుడి గురించే అడుగుతున్నాను.

విమల_ఖగోళం:

పరీక్షకు పెట్టగలిగిన గ్రహం అదొక్కటే అని నాకూ అనిపిస్తుంది, ఎందుకంటే దాని లయ ఖచ్చితం. శుక్రుడి పూర్తి చుట్టు 584 రోజులు. అందులో సుమారు 263 రోజులు తెల్లవారుజామున, ఇంచుమించు 50 రోజులు కనబడకుండా, మళ్లీ 263 రోజులు సాయంత్రం, ఎనిమిది రోజులు మాయం. ఐదు చుట్లు తిరిగేసరికి ఎనిమిదేళ్లు పూర్తవుతాయి. ఎక్కడైనా ఒకే గుర్తు ఐదుసార్లు తిరిగి వస్తూ, మధ్యలో పొడుగు, పొట్టి విరామాలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే వరుస దొరికితే అప్పుడు కూర్చుని లెక్కపెట్టాలి. అందులోనూ పక్క దీవుల పేర్ల సాయం కావాలి. నెల పట్టికను గెలిపించింది ఆ పేర్లే.

లెక్కల_పంతులు:

ఒక సలహా. వెతకడం మొదలుపెట్టకముందే ఏం దొరికితే శుక్రుడు అంటారో, ఏం దొరికితే కాదంటారో ఈ చర్చలోనే రాసిపెట్టండి. దొరికిన తర్వాత రాస్తే పనికిరాదు. ఇంకొకటి, హెచ్, పి, క్యూ అనే మూడు పలకల మీద దాదాపు ఒకే పాఠం ఉందని లెనిన్‌గ్రాడ్ కుర్రాడు బోరిస్ కుద్ర్యావ్‌త్సెవ్ రెండో ప్రపంచ యుద్ధానికి ముందే కనిపెట్టాడట. వాటిని మూడుగా లెక్కిస్తే ఒకే సాక్ష్యాన్ని మూడుసార్లు వాడినట్టవుతుంది. ఒకటిగానే తీసుకోండి.

నింగిచూపు:

అలాగే చేస్తాను. ముందు మమారి 6 నుంచి 9 వరుసలు నా చేత్తో గీసి, వంకలు ఎర్రగా, తోడు గుర్తులు ఆకుపచ్చగా, చేపలు పసుపుగా రంగులు వేసి ఇక్కడ పెడతాను. అది సరిగ్గా వస్తే శుక్రుడి షరతులు రాస్తాను. ఒక్క ఇబ్బంది. నా గీతబొమ్మలో చేపలన్నీ పాతలిపి గారు చెప్పినట్టు పడటం లేదు. కొన్ని చోట్ల పున్నమికి ముందే తల కిందికి ఉన్నట్టు కనిపిస్తోంది.

పాతలిపి_పిచ్చి:

మీరు చూస్తున్నది పలక ఫొటో నుంచి నేరుగా తీసిన బొమ్మ అయి ఉంటుంది. అందులో వరుస విడిచి వరుస తలకిందులుగా ఉంటుంది. 6వ వరుస మీకు నిటారుగా కనబడితే 7, 9 వరుసలను కాగితం తిప్పి గీయాలి. తిప్పాక చూసిన తల దిక్కే లెక్కలోకి వస్తుంది. 7వ వరుసలో ముసలమ్మ బొమ్మ దొరకగానే అక్కడ పెన్సిలుతో అడ్డగీత పెట్టి, దానికి ముందున్న చేపలకు, తర్వాతి చేపలకు విడిగా అంకెలు వేయండి. నాలుగూ నాలుగూ రాకపోతే గీసిన కాగితం ఫొటో ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.